బొట్టు పెట్టి పిలిచిన సాయంత్రం

శుక్రవారం సాయంత్రం నాలుగూ పదికి నా భార్య పంపు స్టవ్వు వెలిగించి, నీలిమంట రాగానే ఆర్పేసింది. ఐదింటికి వీధిలోని ఆడవాళ్ళు వస్తారు. అప్పటికే నన్ను మాటిమాటికీ టైము అడుగుతూ ఉంది కాబట్టి గడియారం నా చేతిలోనే ఉంది. వెలుగుతుందో లేదో చూసుకున్నానంది. మధ్యాహ్నం నుంచి అలా చూసుకుంటూనే ఉంది.

అప్పుడు మేము ప్రొద్దుటూరులో ఉండేవాళ్ళం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎక్కువ కాలం కాలేదు. నేను హైస్కూల్లో పంతులును. మా వీధిలో అందరి పొయ్యిల్లోనూ పత్తికట్టె, కందికంప మండేవి. గాలి కొట్టి కిరసనాయిలుతో వెలిగించే పంపు స్టవ్వులు బజారులో ఒక అంగడికి వచ్చాయి గానీ కొనేవాళ్ళు తక్కువ. మగవాళ్ళు అంగడి ముందు నిలబడి చూసి మెచ్చుకునేవాళ్ళు. ఇంటికి పోయి చెబితే, అది పేలుతుందట, మాకొద్దని ఆడవాళ్ళు అనేవాళ్ళు. అంగడాయన నాకు తెలిసినవాడు. ఆడవాళ్ళు అంగడికి రారు కాబట్టి స్టవ్వునే మా ఇంటికి పంపుతానన్నాడు. నా భార్య నలుగురిని పిలిచి వాళ్ళ ముందు వండి చూపించాలి, ధర చెప్పాలి. ఆ వీధిలో కొందరైనా కొంటే ఆ స్టవ్వు మాకే వదిలేస్తాడు.

ఆమె ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. పులివెందులలో పెద్ద కుటుంబంలో పెరిగినా మాట తక్కువ మనిషి. పెండ్లిళ్ళలో పాట పాడమంటే తలుపు చాటుకు పోయేది. కానీ వానాకాలమంతా తడి పత్తికట్టె ఊది ఊది ఉన్నది ఆమె, నేను కాదు. ఒప్పుకుంది. ఒప్పుకున్న మరుక్షణం నుంచి భయం పట్టుకుంది. అన్నంలోకి ఉప్పు గిన్నె పెట్టడం మరిచిపోయేది, ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చేది.

ఆమెకు ధైర్యం ఇచ్చింది పక్కింటి అక్క. చిన్న వయసులోనే భర్త పోయి, అన్న ఇంట్లో ఉంటూ ఆ ఇంటిల్లిపాదికీ వండిపెట్టేది. పొగకు ఎప్పుడూ కళ్ళు ఎర్రగా ఉండేవి. రెండిళ్ళ పెరళ్ళ మధ్య గోడ ఒకచోట కూలి ఉంటే, దాన్ని ఎవరూ కట్టలేదు. మధ్యాహ్నం మగవాళ్ళు పనులకు పోయాక అక్క ఆ సందులోంచి వచ్చి చాప మీద కూర్చునేది. నా భార్య స్టవ్వు ముందు కూర్చుని చెప్పాల్సిన మాటలు చెప్పేది. ఒంటిపూట బడి ఉన్న ఒకరోజు నేను ఇంట్లో ఉండి ఆ తంతు విన్నాను.

"ఏందిమే ఇది, ఇట్ల బుస కొడతాంది? మా ఆయన మీసాలు కాలితే యాడ తెచ్చిస్తావు?" అంది అక్క, గొంతు మార్చి.

"కాలవక్కా. గాలి ఎక్కువైతే ఈ మర తిప్పితే సాలు."

"అక్కా అనాకు. ఇప్పుడు నేను అక్కను కాదు, మేడింటామెను. గెట్టిగా చెప్పు."

ఇద్దరూ నవ్వుకున్నారు. అక్క అలా వీధిలో ఒక్కొక్కరి గొంతుతోనూ అడిగింది. ఒకరిది గొణుగుడు, ఒకరిది దబాయింపు. గొంతు వింటే మనిషి ఎవరో నాకు కూడా తెలిసిపోయింది. ఎదుటివాళ్ళ మొహం చూస్తే మాట మరిచిపోతానని నా భార్య చెబితే, ఎర్రగడ్డలు కోస్తూ మాట్లాడమని, తల వంచుకుని ఉంటే ఎవరి మొహమూ చూడాల్సిన పని ఉండదని చెప్పింది. ఇంకో ఏర్పాటు కూడా చేసింది. "మొదట ఎవురూ నోరు తెరవరు. ఒకరి మొగం ఒకరు చూసుకుంటా కూసుంటారు. నేను ముందర కూసోని, పేలిపోతే ఎవురు జవాబని అడుగుతా. ఆడ్నించి నీకు మాటలొస్తాయి చూడు."

ఆ రోజు అన్నం పెడుతూ నా భార్య నాతో, అక్క ముందర కూర్చుంటే చాలు, తనకింక భయం లేదని చెప్పింది. ఆ సాయంత్రం మీద ఆమె పెట్టుకున్న నమ్మకం అంతా అదే. స్టవ్వులు అమ్ముడుపోవడం గురించి కూడా అంతగా మాట్లాడలేదు.

పిలవడం దగ్గర చిక్కు వచ్చింది. మా వైపు ఆడవాళ్ళు ఆడవాళ్ళను ఇంటికి పిలిచే పద్ధతి ఒక్కటే. కుంకుమ భరిణె తీసుకుని ఇంటింటికీ పోయి, బొట్టు పెట్టి, ఫలానా వేళకు రమ్మని చెప్పాలి. అలా పిలిస్తే రానివాళ్ళు ఉండరు. వచ్చినవాళ్ళను పసుపు, కుంకుమ, తాంబూలం ఇవ్వకుండా పంపరు. భర్త పోయినవాళ్ళకు ఆ పిలుపు ఉండదు. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పరు, చూసి తెలుసుకుంటారు. ఒక వస్తువు అమ్మడానికి ఇంటికి పిలిచే పద్ధతి మాత్రం ఎవరూ చూసి ఉండలేదు.

స్టవ్వు చూడటానికి రండి అని ఉత్త నోటితో పిలిస్తే నవ్వుతారేమోనని ఆమె భయం. నవ్వకపోయినా రారేమోనని ఇంకో భయం. గురువారం సాయంత్రం చాలాసేపు వాకిట్లో నిలబడి, లోపలికి పోయి, దేవుడి గూట్లోంచి భరిణె తీసుకుని బయటికి వచ్చింది. చేతిలో అది ఉంటే కాళ్ళు కదిలాయని తర్వాత నాతో చెప్పింది.

పక్కింటికి చివర పోయింది. గడప దగ్గర అక్కవాళ్ళ వదినెకు బొట్టు పెట్టింది. లోపల వంటింటి తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. నువ్వు కూడా రా అక్కా అనాలి. భరిణె చేతిలో పెట్టుకుని, బొట్టు పెట్టకుండా ఆ మాట ఎలా అనాలో ఆమెకు తెలియలేదు. అంటే లేనిదాన్ని ఎత్తి చూపినట్టు ఉంటుందనుకుంది. అక్కకు అన్నీ తెలుసు, మన మనిషి, ఎప్పటిలాగే పెరట్లోంచి వస్తుందిలే అనుకుంది. అట్లా అనుకుని ఇటు తిరిగింది.

మరుసటి రోజు ఐదింటికి నేను బయట తిన్నె మీద కూర్చున్నాను. ఆడవాళ్ళ కార్యం కాబట్టి లోపల నాకు పని లేదు. వీధిలోని వాళ్ళంతా వచ్చారు. పట్టుచీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చారు. చూస్తే పేరంటమే. పక్కింటి తలుపు దగ్గర అక్క నిలబడింది. ఉతికి మడతపెట్టిన చీర కట్టుకుంది, తల దువ్వుకుంది. వాళ్ళ వదినె పట్టుచీర సర్దుకుంటూ ఆమె పక్కనుంచే దిగి మా ఇంట్లోకి వచ్చింది. అక్క ఆ చీరలనూ పూలనూ చూసింది. తర్వాత లోపలికి పోయింది. నేను పుస్తకం చదువుకుంటున్నాను. పెరటి దారిన వస్తుందనుకున్నాను.

లోపల నా భార్య ముందు వరుసలో చాప మీద కాస్త చోటు వదిలిపెట్టింది. ఎవరో అక్కడ కూర్చోబోతే, అక్క వస్తాది, కొంచెం జరగండి అంది. ఎర్రగడ్డలు కోయడం మొదలుపెట్టింది. ఉప్పిట్టుకు కావలసిన దానికంటే చాలా ఎక్కువ కోసింది. పెరటి వైపు చూస్తూ కోసింది. ఎవరూ ఏమీ అడగలేదు. చివరికి మేడింటామె మాట్లాడింది.

"అంతా బాగుండాది గానీ, దేవుని పటం యాడమ్మీ? ఈ స్టవ్వుకే హారతి పడతావా?"

అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. ఆ నవ్వు బయటికి వినపడింది. అది ఆమె నవ్వులా లేదు.

స్టవ్వు మాత్రం బాగా వెలిగింది. రవ్వ మాడలేదు, గిన్నె అడుగు నల్లబడలేదు. ఉప్పిట్టు ఇంత బిరీన అయిపోయిందా అని ఒకామె ఆశ్చర్యపడింది. ధర ఎంతని మాత్రం ఎవరూ అడగలేదు. బొట్టు పెట్టించుకుని వచ్చినవాళ్ళు బేరం అడగరు. పిలిచినామె చెప్పాలి. బొట్టు పెట్టి పిలిచినవాళ్ళకు ధర చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆకులు వేసి ఉప్పిట్టు పెట్టింది. పసుపు, కుంకుమ, ఆకూవక్కా ఇచ్చింది. తాంబూలం కోసం అరటిపండ్లు అప్పటికప్పుడు నాతో తెప్పించింది. చల్లగా ఉండమ్మీ అని దీవించి అందరూ వెళ్ళిపోయారు. ముందు వరుసలో ఆ చోటు అట్లాగే ఉండిపోయింది.

చాప చుట్టకుండానే ఆమె ఒక పళ్ళెంలో ఉప్పిట్టు పెట్టుకుని పెరటి దారిన పోయింది. అక్క పొయ్యి ఊదుతోంది. అక్కడ జరిగింది నా భార్య నాకు తర్వాత చెప్పింది. చాలా ఏళ్ళు, ఏదో పని చేస్తూ చేస్తూ ఆగి, అవే మాటలు చెప్పేది. అందుకే నాకు మాట పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"వస్తావనుకుంటి కదక్కా," అంది ఆమె.

"ఎట్లొస్తా? స్టవ్వు చూసేదానికైతే అందరికంటే ముందు వస్తాంటి. నువ్వు పేరంటానికి పిలిస్తివి. మా వదినెకు బొట్టు పెట్టి, నన్ను చూసి మొగం తిప్పుకుంటివి."

"నువ్వు మన మనిషివి గదా అనుకుంటినక్కా."

"మన మనిషినే. ఆ మాట ఆడనే నోటితో చెప్పింటే సాలు. రెండు దినాల నుంచి నేను అడగాల్సిన మాట బాయికాడ నీళ్ళు చేదుకుంటా కూడా అనుకుంటాంటి."

నా భార్య ఏడ్చింది. అక్క ఏడవలేదు. పళ్ళెం తీసుకుని, అక్కడే పొయ్యి దగ్గర కూర్చుని తినింది. ఉప్పు తక్కువైందని చెప్పింది. పళ్ళెం కడిగి ఇచ్చింది.

తర్వాత ఆ ఆడవాళ్ళే భర్తలను అంగడికి పంపారు. కొన్ని స్టవ్వులు అమ్ముడుపోయాయి. అంగడాయన మాట మీద నిలబడ్డాడు, స్టవ్వు మాకే వదిలేశాడు. నా భార్య దాన్ని తీసుకుపోయి అక్కకు ఇవ్వబోయింది. తన అన్న ఇంట్లో వంట ఎట్లా సాగాలో తాను చెప్పలేనని అక్క తీసుకోలేదు. మాటలు మానలేదు. గోడ మీదుగా కూరాకు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. కానీ మేము ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళు అక్క మళ్ళీ ఆ సందు దాటి మా ఇంట్లోకి రాలేదు. పొద్దున స్టవ్వు బుస్సుమన్నప్పుడల్లా నా భార్య పక్కింటి వైపు చూసేది. పొగ లేని వంటింట్లో కూర్చోవడం ఆమెకు తప్పు చేసినట్టే ఉండేది. నేను ఎన్నోసార్లు, తెలియక జరిగింది కదా అన్నాను. తెలియక కాదు, తెలిసే ఇటు తిరిగానని చెప్పేది.

కొంతకాలానికి జమ్మలమడుగులో ఉన్న మా వదినె ఇంట్లో కూడా అట్లాగే వండి చూపించమని అంగడాయన అడిగాడు. వద్దంటుందనుకున్నాను. పోయింది. భరిణె ముట్టుకోలేదు. ఉత్త చేతులతో వీధంతా తిరిగి, తలుపు తీసినవాళ్ళందరినీ పిలిచింది. భర్త పోయినవాళ్ళనూ పిలిచింది, చర్చి పక్కనుండే టీచరమ్మనూ పిలిచింది. ఇదేం పిలుపని మా వదినె కోప్పడింది. సగం మంది రాలేదు. స్టవ్వు వెలిగించి, ఎర్రగడ్డలు కోస్తూ, ఎవరూ ఏమీ అడగకముందే, "ఇది పేలిపోతే ఎవురు జవాబని మా పక్కింటక్క అడుగుతాది" అని తానే మొదలుపెట్టిందట. ఆ తర్వాత మాటలు తడబడలేదట. వచ్చినవాళ్ళకు అది ఒక మామూలు మాట. ఇంటికి వచ్చాక ఈ సంగతి అక్కకు చెప్పమన్నాను. ఏ మొహంతో చెప్పాలని అడిగింది.

తర్వాత నన్ను పులివెందులకు బదిలీ చేశారు. అక్క పోయిన వార్త మాకు ఆలస్యంగా అందింది. ఆ రోజు నా భార్య వంట చేయలేదు.

మా అమ్మాయి పెండ్లికి బొట్టు పెట్టి పిలవకపోతే ఎట్లా అని పులివెందులలో ఆమె వైపు వాళ్ళు పట్టుబట్టారు. ఆమె వినలేదు. ఇంటింటికీ పోయి, ముందు ఆ ఇంట్లో భర్త పోయిన ఆడమనిషి ఎవరైనా ఉంటే ఆమెకు చెప్పి, తర్వాత మిగిలినవాళ్ళకు చెప్పింది. కొందరు నొచ్చుకుని పెండ్లికి రాలేదు. రాకపోతే పోనీలే అంది.

ఆమె పోయి కొంతకాలమైంది. దుఃఖం గురించి పుస్తకాల్లో చదివినదేదీ నాకు అక్కరకు రాలేదు. పోయిన నెలలో మనవరాలి బారసాలకు మా కోడలు నోటిమాటతోనే వీధంతా పిలిచివచ్చింది. ఎందుకో ఆమెకు తెలియదు, అత్త అలా చేసేది కాబట్టి చేసింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరినీ బొట్టు పెట్టి పిలవడం లేదు.