పచ్చగా వస్తే పంపమన్నాను

మొన్న వీడియో కాల్‌లో మీలో పెద్దవాడు, కొత్తగా కోడ్ నేర్చుకునేవాళ్లకు పాఠం చెప్పాలంటూ తన స్క్రీన్ చూపించాడు కదా పిల్లలూ, అందులో ఒక వరుస కింద పసుపు రంగు గీత వంకరగా కనబడగానే సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

మెదక్‌లో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే రోజుల్లో, ఆరు కంప్యూటర్లున్న మా మేడమీది గదికి కుల్చారం నుంచి ఒకమ్మాయి బస్సులో వచ్చేది. హైదరాబాద్ కంపెనీ పరీక్ష ఒక్కటి రాయనిస్తాను, ఉద్యోగం రాకపోతే పెళ్లి చేసేస్తానని తండ్రి ముందే చెప్పి పంపాడు. ఆ సంగతి నాకూ తెలుసు.

ప్రోగ్రాం నడవకముందే దాన్ని చదివి, అనుమానమున్న చోట గీత పెట్టే లింటర్‌నీ, జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు తమంతట తామే వేసి సరిచూసే టెస్టులనీ మొదటిసారి చూపించిన రోజున, "గిది మా మేనత్త లెక్కనే ఉంది మేడం, కూర పొయ్యెక్కకముందే వంకలు పెడ్తది" అని ఆ అమ్మాయి అంటే గదంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే నేను, "ఏమన్న గానీ బిడ్డా, ఆఖరికి పచ్చగ వస్తే ఇగ రంది పెట్టుకోకు, పంపియ్యి" అన్నాను. నా మనసులో ఉన్నది టెస్టులు నెగ్గితే వచ్చే ఆకుపచ్చ. మనం పసుపునీ పచ్చే అంటామని ఆ క్షణాన తట్టలేదు.

పరీక్షలో ఇచ్చింది, రోగి వయసును బట్టి మందు మోతాదు చెప్పే ప్రోగ్రాం. ఆమె వయసు అడిగి తీసుకుంది గానీ లెక్కలో వాడటం మరిచింది. వాడలేదని లింటర్ పసుపు గీత పెట్టి చెప్పింది కూడా. ఆమె రాసుకున్న టెస్టులన్నీ పెద్దవాళ్ల వయసులతోనే కనుక అవీ నెగ్గాయి. అంతా పచ్చగానే ఉందనుకుని పంపేసింది. పసిపిల్లకూ పెద్దవాళ్ల మోతాదే చెప్పే ప్రోగ్రాం ఎవరికి కావాలి.

ఉద్యోగం రాలేదని చెప్పడానికొచ్చినప్పుడు, గీత రాలేదా అని అడిగాను.

"వచ్చింది మేడం. పచ్చగనే ఉండె. పంపియ్యమని మీరే అంటిరి గద."

కోపంగా అనలేదు. తప్పు నాదని అప్పటికే అర్థమైంది, అయినా అందరూ చూస్తున్నారని, "కింద ఏం రాసిందో చదువుకోవద్దా" అని ఆమెనే కసిరాను. ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ తరువాత వచ్చిన ప్రతి బ్యాచ్‌కూ ఆకుపచ్చ అని పూర్తిగా పలికాను, ఎందుకో ఎవరూ అడగలేదు. ఇప్పటి పిల్లలు ఇంట్లో కూర్చుని వంద తప్పులు చేసి, వందా దిద్దుకుని, ఇంకో కంపెనీకి రాసుకుంటున్నారు. ఆమెకు ఆ ఒక్కటే ఉండింది. కుల్చారం ఎంత దూరమని, బస్సెక్కితే గంట పట్టదు. వెళ్లి ఆ తండ్రితో, తప్పు మీ బిడ్డది కాదు, నాది అని ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకో పరీక్షకు ఆగేవాడేమో. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటుండగానే ఆమె పెళ్లికార్డు మా గదికి వచ్చింది. పైన తన చేతిరాతతో, మా గురువుగారికి అని రాసి ఉంది.