చెరిపిన అడుగుజాడలు

కంపెనీ పని మీద మా ఆయన జపాన్ వెళ్తుంటే నేనూ వెళ్ళాను. ఆయనది జమ్మలమడుగు దగ్గర ఫ్యాక్షన్ ఊరు. క్యోటోలో ఒక పాత గుడి తోట చూస్తున్నాం. తెల్లటి కంకర మీద సన్నగా గీసిన గీతలు, నడుమ పెద్ద బండలు, మనిషి అలికిడి లేదు. ఆయన ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ముందుకు పోవాకు. కంపలీడ్చి అడుగుజాడలు చెరిపినారు. ఆ బండలెనక పొంచుకోని ఉండారు.”

“ఎవరు?” అన్నాను.

వెనక ‘టక్’మంది. ఆయన నన్ను కిందికి తోసి మీద అడ్డంగా పడ్డాడు. నీళ్ళు నిండి వాలి, అవి ఒలికాక వెనక్కి పడిన వెదురుగొట్టం రాతికి తగిలిన చప్పుడది. ముసలి పూజారి ఒకాయన వచ్చి, మేం లేచేదాకా ఆ గొట్టం కదలకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“మాయన్నను నరికిన పొద్దు దావ ఇట్లే ఉన్నింది,” అన్నాడు మా ఆయన.

ఆరోజు తనూ బావగారి పక్కనే ఉన్నాడని పెళ్ళయిన పదేళ్ళకు నాకు తెలిసింది. ఇప్పుడు మా వాకిట్లో చీపురు గీతలు కనబడితే ఆయన లేచేలోగా వాటి మీద నడిచి చెరిపేస్తాను.