ఎక్కడివాళ్ళు అక్కడే

ఉమాకాంతం, నేనూ జగ్గయ్యపేట కాన్వెంటులో ఒకే బెంచీ. పెద్దయ్యాక వాడు హిప్నాటిజం నేర్చుకుని వచ్చి, అదే బడి వార్షికోత్సవంలో నన్ను స్టేజీ ఎక్కించి కోడిపెట్టను చేశాడు. ఆ రోజు నేను గుడ్డు కూడా పెట్టానని మా మనవరాలు లాస్యకి చెబుతుంటాను. "ఏదీ ఆ గుడ్డు, చూపించు తాతయ్యా" అంటుంది. సిస్టర్లు ఆమ్లెట్ వేసుకుని తినేశారని చెప్పాను.

అయితే ఇది ఉమాకాంతం కథ కాదు. వాడి భార్య చూడామణి కథ. నందిగామ ఆడపడుచు. నేను చెల్లెమ్మా అని పిలుస్తాను. పెళ్ళయిన కొత్తలో వాడు మొట్టమొదట ఆవిడ మీదే తన విద్య ప్రయోగించాడు. పారలేదు. ఊళ్ళో సగం మందికి కళ్ళు మూయించినవాడు ఇంట్లో మాత్రం ఓడిపోయేవాడు.

"నేను కూడా కళ్ళు మూసుకుంటే అన్నం ఎవరు వండుతారండీ?" అనేది.

కొందరికి అంతేనట. హిప్నాటిజానికి లొంగే గుణం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది, బలవంతాన రాదు. అది నిద్రా కాదు, మైకమూ కాదు. మనసు ఒక్క మాట మీద నిలుస్తుంది, మిగతావన్నీ వెనక్కి జరుగుతాయి. ఊపిరి నెమ్మదిస్తుంది, బిగిసిన కండరాలు వదులవుతాయి. చివర్లో ఉమాకాంతం ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు: "ఇక కళ్ళు తెరవండి. అందరూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు."

సెల్‌ఫోన్లు వచ్చాక స్టేజీలు పోయాయి. పరీక్షలంటే వణికే పిల్లలూ, నొప్పులవాళ్ళూ ఇంటికి రావడం మొదలుపెట్టారు. అలా వచ్చినవాడే నాగూర్ బాషా. పెనుగంచిప్రోలు నుంచి గుంటూరుకి మిర్చి లారీ తోలేవాడు. కీసర దగ్గర లారీ బోల్తా పడితే కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. గాయం మానింది. కానీ లేని పాదంలో వేళ్ళు ముడుచుకుపోయి, మెలితిప్పినట్టు నొప్పి. ఇల్లు కూలిపోయినా పోస్టుమాన్ ఆ చిరునామాకి ఉత్తరాలు తెస్తూనే ఉన్నట్టు, మెదడులో ఆ పాదం చోటు అలాగే ఉండిపోతుందట. మందులతో సగమే తగ్గింది. ఇది కూడా చూడమని నందిగామ డాక్టరు ఉమాకాంతం దగ్గరికి పంపాడు.

శుక్రవారం నమాజు అయ్యాక భార్య గౌసియాబీ అతన్ని ఆటోలో తీసుకొచ్చేది.

"పాదం మున్నేటి ఇసకలో పెట్టు బాషా," అనేవాడు ఉమాకాంతం. "ఇసక చల్లగా ఉంది. బొటనవేలు విప్పు. ఇప్పుడు పక్క వేలు."

బాషా మొహం తేటపడేది. నొప్పి పూర్తిగా పోయేది కాదు, కాస్త దూరం జరిగి కూర్చునేది. అతనికి అదే చాలు, నిద్ర పట్టేది. చూడామణి వంటింట్లో కూర తరుగుతూ అంతా వినేది.

మొన్న వేసవిలో ఉమాకాంతం పోయాడు. భోంచేసి చెయ్యి కడుక్కుంటుండగా గుండె ఆగింది.

బాషా నొప్పి మళ్ళీ మొదటికొచ్చింది. కొడుకు ఐజాజ్ ఫోన్లో ఎవరివో వీడియోలు వినిపించాడు. "ఆయనెవరో నా కాలు ఎరగడు" అని బాషా పక్కన పెట్టేశాడు. ఉమాకాంతం గొంతే వినిపిద్దామంటే ఎక్కడా లేదు. బండి నడుపుతూ వింటే ప్రాణం మీదికొస్తుందని ఎవరినీ రికార్డు చేయనిచ్చేవాడు కాదు. ఆ మాటలు నేనూ ఒకసారి చెప్పి చూశాను. నా గొంతుకి బాషాకి ఉన్న కాలు కూడా నొప్పి పుట్టింది.

చివరికి ఒక శుక్రవారం గౌసియాబీ వచ్చి చూడామణి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, అన్న మాటలు మీకు వచ్చుగా. ఈయన దిండు కొరుక్కుంటున్నాడు. కాలు పోయె, లారీ పోయె. నిద్ర కూడా పోతే ఈ మనిషి బతకడక్కా."

"నాకే ఆయన కళ్ళు మూయించలేకపోయారు. నావల్ల ఏమవుతుందమ్మా? ఏదన్నా తేడా వస్తే?"

"ఏం తేడా వస్తదక్కా," అన్నాడు బాషా. "ఇంకో కాలుందిగా."

నేనొక్కణ్ణే నవ్వాను.

చూడామణి ఉమాకాంతం కుర్చీలో కూర్చోలేదు. పక్కన స్టూలు వేసుకుంది. కుర్చీ మీద వాడి తువ్వాలు వేసింది వేసినట్టే ఉంది.

మున్నేరు అంది. ఇసక అంది. చల్లగా ఉంది అంది. ఒక్క మాట పొల్లు పోలేదు. వేలికీ వేలికీ మధ్య వాడు ఎంతసేపు ఆగేవాడో అంతే ఆగింది. బాషా భుజాలు దిగాయి. ఖాళీ ప్యాంటు కాలు నలిపేస్తున్న పిడికిలి విడింది.

"ఇక కళ్ళు తెరవండి," అంది. అనుకోకుండా తువ్వాలు వైపు చూసింది. "అందరూ..."

అక్కడ ఆగిపోయింది. మిగతా మాట నేను అందిద్దామని చూశాను. నాకూ రాలేదు.

ఎవరూ లేపకపోయినా మనిషి అందులో ఉండిపోడు. కాసేపటికి బాషా తనంతట తనే కళ్ళు తెరిచి ఆవిడ మొహం చూశాడు.

"వదిలిందా తమ్ముడూ?"

"వదిలిందక్కా. ఆ చివరి మాట వద్దులే. కళ్ళు నేనే తెరుచుకుంటా."

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అంతే. ఆవిడ ఆఖరి వేలు విప్పించి ఊరుకుంటుంది, అతను కళ్ళు తెరుచుకుంటాడు.

మొన్న అతను తెరిచేసరికి చూడామణి కళ్ళు మూసుకుని ఉంది. అరికాళ్ళు రెండూ గచ్చుకి అదిమిపెట్టి ఉన్నాయి, ఇసకలోకి దించినట్టు. ఊపిరి పొడుగ్గా, నెమ్మదిగా వస్తోంది. చెంపల మీద తడి. ఉమాకాంతం ఎంత చెప్పినా మూతపడని కళ్ళు, వాడి మాటలు తనే అంటుంటే మూతపడ్డాయి.

లేపడానికి మాకు తెలిసిన మాట ఒక్కటే. మా ముగ్గురిలో ఎవరికీ అది నోట రాలేదు.

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఆవిడ కదల్లేదు. గౌసియాబీ చప్పుడు చేయకుండా లేచి వెళ్ళి స్టవ్ కట్టేసింది.