లూజు రెండుసార్లు పడింది

ఆ దర్జీ కొట్టులో ఆమెను అంగుళాలమ్మ అనేవారు. పావు అంగుళం తేడా వచ్చినా కుట్లు విప్పించి మళ్లీ కుట్టించేది మరి, ఊరుకునే మనిషా! నలభై మూడో ఏట ఆమె కంప్యూటర్ క్లాసులో చేరితే కొట్టు యజమానురాలు, అంటే సాక్షాత్తూ ఆమె వదినే, ముక్కున వేలేసుకుంది. ఆర్నెల్లు తిరక్కముందే అంగుళాలమ్మ కొలతలిస్తే కటింగ్ చీటీలు తీసే ప్రోగ్రాం సొంతంగా రాసి పారేసింది.

దానికి తొలి పరీక్ష ఆస్పత్రి నర్సుల కోట్లు, మొత్తం నలభై. గుడ్డ కూడా లెక్కపెట్టినట్టు నలభైకే వచ్చింది. "తేడా వచ్చిందో, ఈ డబ్బాను అటకెక్కిస్తా" అని వదిన ముందే చెప్పేసింది.

మొదటి కోటు తొడుక్కున్న నర్సు అద్దంలో చూసుకుని, "ఇందులో మా చెల్లెలు కూడా పడుతుందండీ" అంది. వదిన మొహం మాడిపోయింది. అంగుళాలమ్మ టేపు తీసి కొలిచింది. మనిషి ఛాతీ ముప్పై ఆరు, దానికి లూజు నాలుగు, వెరసి కోటు నలభై రావాలి. వచ్చింది నలభై నాలుగు!

"చూశావా నీ యంత్రం నిర్వాకం? ఇది విప్పి సరిచేస్తాం సరే, ఇంకో రెండు ఇలాగే కోస్తే చివర్లో గుడ్డ చాలదు."

"యంత్రానికేం పోయేకాలం వదినా? నేను చెప్పిందే చేసుంటుంది. మధ్యాహ్నం దాకా టైమివ్వు. పట్టుకోలేకపోతే అటక మీదికి నేనే మోస్తా."

కూర్చుంది. ప్రోగ్రాంలో 'లూజు' అని ఒక ఫంక్షన్ ఉంది. అందించిన కొలతలకు నాలుగేసి అంగుళాలు కలపడం దాని పని. ఆమె దాన్ని రెండుసార్లు పిలిచింది, తెరమీద సరిచూసుకోవడానికి ఒకసారి, చీటీ అచ్చు తీయడానికి ఇంకోసారి. తెరమీద నలభై అనే ఉంది, చీటీలో మాత్రం నలభై నాలుగు. ఇదేం చోద్యం!

ముందు ఉత్త అంకెతో చూసింది. ఛాతీ అనే వేరియబుల్‌లో ముప్పై ఆరు పెట్టి ఫంక్షన్‌కు రెండుసార్లు అందించింది. రెండుసార్లూ నలభయ్యే వచ్చింది, ఛాతీ ముప్పై ఆరుగానే ఉంది. తర్వాత ఛాతీ, నడుము, సీటు కొలతలు మూడూ ఉన్న జాబితాను అందించింది. ఛాతీ మొదటిసారి నలభై, రెండోసారి నలభై నాలుగు. అసలు జాబితా తీసి చూస్తే అందులోనూ నలభై నాలుగే!

ఆమెకు నవ్వొచ్చింది. ఆ కొట్టులో కొలతల పుస్తకాన్ని కటింగ్ బల్ల దగ్గరికి ఎవరూ తీసుకెళ్లరు. చీటీ మీద ఎక్కించుకెళ్తారు, ఏం దిద్దినా చీటీ మీదే. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ ఫంక్షన్ కూడా అలాగే నకలు తీసుకుంటుందనుకుంది. అదేమో ఏకంగా పుస్తకాన్నే పట్టుకుపోయి అందులోనే కొట్టేసి రాసింది! అంకె సంగతి వేరు. ఫంక్షన్ లోపలి పేరుకు కొత్త విలువ పెట్టుకున్నా బయటి పేరుకు పాత విలువే ఉంటుంది. జాబితా అలా కాదు, లోపలి పేరూ బయటి పేరూ ఒకే జాబితావి. లోపల దిద్దితే బయటా దిద్దినట్టే.

వచ్చిన జాబితాకు ముందు నకలు తీసి, ఆ నకలునే దిద్దమని ఫంక్షన్‌లో ఒక్క వరస చేర్చింది. పదిసార్లు పిలిచి చూసింది. పదిసార్లూ నలభయ్యే వచ్చింది, అసలు జాబితా చెక్కుచెదరలేదు. ఇంకా పన్నెండు కూడా కాలేదు.

"దొరికింది వదినా. తప్పు యంత్రానిది కాదు, నాదే."

వదిన నోరెళ్లబెట్టింది. ఇన్నేళ్ల కాపురంలో ఆడపడుచు నోట ఆ మాట వినడం ఆవిడకు ఇదే మొదలు. కొత్తగా అచ్చు తీసిన రెండో కోటు చీటీ అందుకుని, గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసింది.

"పుస్తకంతో సరిచూసుకోవా?" అంది అంగుళాలమ్మ.

"నీ తప్పు నువ్వే పట్టుకుని, నువ్వే ఒప్పుకున్నావు. ఇంకా పుస్తకమెందుకే?" అంటూ వదిన గుడ్డకు కత్తెర వేసేసింది.