నిద్రపోతున్నవాణ్ణి క్యూలో నిలబెట్టిన నా స్క్రిప్టు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నాకు జీతం నెలకోసారి వచ్చేది, అసూయ మాత్రం రోజూ వచ్చేది. గుడివాడలో సైకిల్ షాపు మీదున్న మా చిన్న ఆఫీసులో నా పక్క కుర్చీ బందరు నుంచి వచ్చే ఒకతనిది. అందరూ అతన్ని ‘బావ’ అనేవారు (నేనూ అనేవాణ్ణి, పళ్లు కొరుకుతూ). అతను కీబోర్డు మీద చెయ్యి వేస్తే కంప్యూటరు లేచి నమస్కారం పెట్టేదని చెప్పుకునేవారు. నేను కళ్లారా చూశాను, పెట్టింది. మా ఇద్దరివీ ఇంకా ఖాయం కాని ఉద్యోగాలు. ఖాయమయ్యే సీటు మాత్రం ఒకటే.

అంతలో నాగాయలంక రొయ్యల చెరువుల నుంచి ఫిర్యాదు వచ్చింది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గగానే గాలి కలిపే ఏరేటర్లు తిప్పాల్సిన మా ప్రోగ్రాము ఒక్కోసారి ఆలస్యం చేస్తోందట. “కంప్యూటర్లో దాని వంతు రావడానికి ఎంతసేపు పడుతోందో కొలవండి. తేల్చినవాళ్లకే సీటు” అన్నారు మేనేజరుగారు. కంప్యూటర్లో ఎవరి వంతు ఎప్పుడో తేల్చేది కెర్నెల్. ఇద్దరం దాని మీద నిఘా పెట్టే ట్రేసింగ్ స్క్రిప్టులు రాశాం. బావ లెక్కలో అంతా మిల్లీసెకన్లే. నా స్క్రిప్టేమో, పాపం ఆ ప్రోగ్రాము నిమిషాల తరబడి పడిగాపులు కాస్తోందని చూపించింది. పొంగిపోయి స్క్రీను మేనేజరుగారి వైపు తిప్పాను. “చూడండి సార్, ఈపాటికి అది నడుచుకుంటూ నాగాయలంక చేరిపోయేది!”

బావ వంగి చూసి, నా చెవిలో గొణిగాడు. “గురూ, ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నవాణ్ణి కూడా బస్టాండు క్యూలో ఉన్నట్టు లెక్కేశావ్. పని లేక ప్రోగ్రాము నిద్రపోయిన టైమంతా కలిసిపోయింది. అది లేచిన దగ్గర్నుంచి కొలిచి చూడు.”

ఆ లైను మార్చాను. నిమిషాలన్నీ ఎగిరిపోయాయి. కానీ మధ్యమధ్య ఒక్కో అంకె మాత్రం అరటిగెలలా వేలాడుతోంది. ఎప్పుడా అని చూస్తే, రిపోర్టులు తయారుచేసే ఇంకో ప్రోగ్రాము నడిచినప్పుడల్లా! దానికి ఎవరో పెద్దపీట వేయడంతో మిగతావన్నీ ఆగిపోతున్నాయి. బావ స్క్రిప్టు సగటు మాత్రమే చెప్పేది కాబట్టి అందులో ఇది కనబడలేదు.

“ఎవరయ్యా పట్టుకుంది?” అన్నారు మేనేజరుగారు. నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. “తనేనండీ. నాకు దొరకలేదు.”

సీటు నాకొచ్చింది. బావ నవ్వుతూ చెయ్యి కలిపి, నెల తిరక్కుండా బెజవాడలో ఇంకో ఉద్యోగం చూసుకున్నాడు. అతని తెలివి మీద కుళ్లు అప్పుడే చల్లారింది గానీ, ఆ ఒక్క మాట మీద కుళ్లు ఇంతవరకూ తగ్గలేదు. తల నెరిసింది, నా కింద కుర్రాళ్లు పనిచేస్తున్నారు. ఎవరు పట్టుకున్నారని పైవాళ్లు అడిగితే, ‘వీడేనండీ’ అనాలనే అనుకుంటాను. నోరు మాత్రం ఇంకా నా పేరే ముందు చెబుతోంది.