వాయవ్యానికి దగ్గరి దారి

మౌస్ మధ్య బటన్ నొక్కిపడితే తెర మీద పువ్వులా మెనూ విచ్చుకుంటుందన్న కబురు నాకు మొదట తెచ్చింది మల్కాపురం అక్క. ఆ రోజుల్లో నేను వన్ టౌన్‌లో ఓడల సరుకు కాగితాలు చూసే చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. బడి మొహం చూడకుండా అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని. ఏ పని కావాలన్నా పైనున్న మెనూలన్నీ ఒక్కొక్కటే తెరిచి, శ్రద్ధగా చదివి, మూసేదాన్ని. "నెలాఖరులోగా చెయ్యి తిరక్కపోతే ఇంటికేనమ్మా" అన్నారు పెద్దసారు. (మాట తప్పని మనిషి. అదే నా భయం.)

పక్క కుర్చీలోని అక్క చూసి చూసి విసిగింది. "ఏటే, ఒక్క ప్రింటుకి అంతసేపు ఎతుకుతన్నావ్? ఇదిగో, నడిమి బటన్ నొక్కి పట్టుకో. సుట్టూ ఎనిమిది పనులు. కావాల్సినేపు జరిపి ఒగ్గేయ్."

"ఏది ఎటు పెట్టుకోవాలక్కా?"

"నీ ఇల్లు. నువ్వే సర్దుకో."

ఇల్లు అన్నాక నేనూరుకుంటానా? సేవ్‌ను దేవుడి మూల ఈశాన్యంలో పెట్టాను. ప్రింటర్ వేడెక్కుతుంది కనుక ప్రింట్ ఆగ్నేయం. మెయిల్ గాలిలో పోయేది, వాయవ్యం. డిలీట్ దక్షిణాన, యముడి దిక్కున. యముడు తీసుకెళ్ళింది తిరిగి అడగకూడదని 'అన్‌డూ' అసలు పెట్టనేలేదు. అమ్మ అక్షరాలకన్నా ముందు దిక్కులు నేర్పింది కనుక ఇక వెతుకులాట లేదు. చెయ్యి తిరిగింది. (అదే చిక్కయింది.)

నా చెయ్యి ఎప్పుడూ పైనున్న ఉత్తరం నుంచే బయల్దేరుతుంది. అక్కణ్ణుంచి వాయవ్యానికి ఎడమవైపు ఒక్క అడుగు. కానీ నా చెయ్యి అప్రదక్షిణంగా వెళ్ళదు. తూర్పు, దక్షిణం, పడమర చుట్టుకునే మెయిల్ దగ్గరికి చేరేది. నెలాఖరు మధ్యాహ్నం, ఓడ కదిలేలోగా పంపాల్సిన సరుకుల జాబితాతో ఆ యాత్ర చేస్తుంటే తుమ్మొచ్చింది. దక్షిణం దగ్గర వేలు జారి బటన్ వదిలేసింది.

జాబితా లేదు. నేను కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నాను. తలుపు దగ్గర పెద్దసారు.

"ఇంకా పంపలేదేంటి? ఏమైంది?"

"నానే సార్, సెయ్యి తగిలి సెరిపేసినాను" అంది అక్క, మొహంలో ఏ మార్పూ లేకుండా. ఆయన తిట్లన్నీ వింటూనే నా మౌస్ లాక్కుని, తెర మీది చెత్తబుట్టలోంచి జాబితా తీసి, వాయవ్యానికి ఒక్క గీత గీసింది. మెయిల్ వెళ్ళింది. ఆయనా వెళ్ళారు.

"గుడి సుట్టూ తిరుగుతన్నావేటే? తిన్నగా ఎల్లవే. దేవుడేటీ అనుకోడు."

నా ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు కొత్తవాళ్ళకు ఆ పువ్వు చూపించేది నేనే, తిన్నగా వెళ్ళమని చెప్పేదీ నేనే. ఎవరూ చూడనప్పుడు మాత్రం ఒక చుట్టు తిరిగే వెళ్తాను, వేలు గట్టిగా నొక్కిపట్టి. అది అక్క పేరున ప్రదక్షిణ. ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో తెలియదు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు మీరూ ఒకసారి తలుచుకోండి. మల్కాపురం అక్క అంటే చాలు, దేవుడికి తెలుస్తుంది.