ఒడ్డుకొచ్చాక పిలిచే పేర్లు

మొన్న తాడేపల్లిగూడెంలో ఒక బట్టల షాపు ప్రచారానికి నా మైకు ఆటో వేసుకుని వెళ్ళాను. బజారు మలుపులో మురుగుకాలవ పక్కన ఎవరో బ్లీచింగు పౌడరు చల్లి, దానిమీద నీళ్ళు కొట్టి వెళ్ళినట్టున్నారు. ఆ వాసన ముక్కుకి తగిలేసరికి "రండమ్మా రండి, పట్టుచీరలు" అంటున్న నా నోరు "పట్టు" దగ్గరే ఆగిపోయింది. షాపు శెట్టిగారు గుమ్మంలోంచి కాసేపు చూసి, "ఏవండీ శేషుగారూ, పోయింది మైకా, మీరా?" అన్నారు. దానికి ఎదురు జోకు వేయడం నా వృత్తిధర్మం. వేయలేకపోయాను. నెత్తిమీద ఎండ మండిపోతోంది, చెవి వెనక మాత్రం ఎవరో తడిచెయ్యి పెట్టినట్టుంది. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు ఒక మనిషి గుర్తొస్తారు. గుర్తురావడం అనేది కొంచెం తక్కువ మాట. వచ్చి పక్కన నిలబడతారు.

ఆవిడ పేరు కృష్ణవేణిగారు. మా ఏలూరులో వేసవి సెలవులొస్తే పార్కులో ఊరి పిల్లలకి ప్రభుత్వం తరఫున శిబిరం పెట్టేవారు. క్యారమ్స్, ఖోఖో, కోలాటం, బొమ్మలు గీయడం, అన్నిటికన్నా ముఖ్యంగా, బ్లీచింగు వాసన కొట్టే పార్కు కొలనులో ఈత. ఆ ఈత నేర్పేది కృష్ణవేణిగారు. యాభై దాటిన మనిషి, చుడీదారు మీద మగవాళ్ళ తెల్లచొక్కా తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని ఉండేవారు. శిబిరం ప్రకటనలు మైకులో చెప్పడానికి నన్ను పెట్టుకున్నారు. అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది. బడికీ నాకూ ఎనిమిదో తరగతిలోనే పడక విడిపోయాం. తప్పెవరిదో ఇంకా తేలలేదు. అప్పటినుంచీ నా నోరే నాకు తిండి పెడుతోంది. పొద్దున విన్న గొంతుని సాయంత్రానికి దించేస్తాను. బస్సు కండక్టరు, గుడి పూజారిగారు, పెళ్ళిళ్ళ పేరయ్య, ఊళ్ళో లేనప్పుడు మా అత్తగారు.

మొదటిరోజే ఆవిడ నా మైకు వైరు పీకేశారు. పిల్లలు నీళ్ళలో ఉన్నారు. ఒక తల్లి టిఫిను డబ్బాతో వచ్చి, మావాణ్ణి పిలవండి బాబూ అంది. నేను హుషారుగా "కార్తీక్! కార్తీక్! ఉప్మా మీకోసం ఎదురుచూస్తోంది" అని మొదలుపెట్టాను. మూడోసారి కార్తీక్ అనేలోపు మైకు మూగబోయింది. తిరిగి చూస్తే వైరు కొస ఆవిడ చేతిలో ఉంది.

"నీళ్ళలో ఉన్నవాళ్ళని పేరుపెట్టి పిలవకూడదు," అన్నారు.

"మరేం పెట్టి పిలవాలండీ, ఉప్మా పెట్టా?"

ఆవిడ నవ్వలేదు. "వాడు పరజ. ఆ పిల్ల లకుముకి. ఆ మూల బుడుంగుమని మునుగుతున్నవాడు నీటికాకి. నీళ్ళలో ఉన్నంతసేపూ పిట్ట పేర్లే. అసలు పేరు ఒడ్డుకొచ్చాకే."

"ఏవండీ, నీళ్ళు వింటాయా?"

"నీళ్ళ సంగతి నాకు తెలీదయ్యా. వినేవాళ్ళు వింటారు."

అదేదో పిల్లల్ని భయపెట్టే కబురనుకున్నాను. తరవాత ఆవిడే ఒకసారి పార్కు బయట టీ తాగుతూ చెప్పారు. ఆవిడ పుట్టింది కొల్లేటి నడిమధ్య ఒక లంకలో. దోనె కిక్కిస గడ్డిలోకి దూరిందంటే ఇక మనిషి కనబడడు. మాట ఒక్కటే నీటిమీద జారుకుంటూ ఎటో పోతుంది. అందుకని వాళ్ళ లంకలో దోనెమీద ఉన్నవాణ్ణి ఎవరూ పేరుపెట్టి పిలిచేవారు కాదట. ఈల వేస్తారు, లేకపోతే పిట్టపేరుతో పిలుస్తారు. సాయంత్రం దోనె కట్టేసి కాలు ఒడ్డుమీద పెట్టాక, ఇంటి ఆడవాళ్ళు ఎదురెళ్ళి అసలు పేరుతో పిలవాలి. వచ్చినవాడు "వచ్చేశాను" అనాలి. ఆ మాట అనేదాకా అన్నం పెట్టరు. రోజంతా నీళ్ళమీద ఉన్న మనిషిలో కొంత నీళ్ళలోనే ఉండిపోతుందనీ, పేరు పిలిస్తే అది కూడా లేచి వస్తుందనీ వాళ్ళ నమ్మకం.

శిబిరంలోనూ ఆవిడ అదే పద్ధతి పెట్టారు. పొద్దు వాలే వేళకి పిల్లలంతా తువ్వాళ్ళు చుట్టుకుని మెట్లమీద కూర్చునేవారు. వాచ్‌మన్ సూరిబాబు కొలను నీళ్ళ మోటారు ఆపేసేవాడు. ఆవిడ ఒక్కొక్కరినీ పిలిచేవారు. "లావణ్యా." "వచ్చేశాను మేడమ్." "కార్తీక్." "వచ్చేశాను మేడమ్." అందరూ అయ్యాక ఆవిడ పిల్లలవైపు నుంచి నీళ్ళవైపు తిరిగేవారు. మెల్లగా, పక్కగదిలో నిద్రపోతున్నవాణ్ణి లేపుతున్నట్టు, "చంటీ" అనేవారు.

చంటి అనే పిల్లవాడు శిబిరంలో లేడు. ఆవిడ ఆగేవారు. పిల్లలు కూడా ఊపిరి బిగబట్టి ఆగేవారు. కాసేపటికి ఆవిడ ఈల కొడితే అందరూ గేటువైపు పరిగెత్తేవారు.

"రోజూ ఆబ్సెంటవుతున్న ఆ చంటిగారు ఎవరండీ?" అని నేను ఆ టీకొట్టు దగ్గరే అడిగాను.

"మా తమ్ముడు. దోనె దొరికింది. వాడు దొరకలేదు." గ్లాసు పక్కన పెట్టారు. "మా అమ్మ ఉన్నన్నాళ్ళూ రోజూ రేవుకెళ్ళి పిలిచేది. ఆవిడ పోయాక పిలిచేవాళ్ళు లేరు కదాని నేను పట్టుకున్నాను."

"కొల్లేట్లో పోయినవాడు ఏలూరు ఈతకొలనులో ఎలా పలుకుతాడండీ?"

"ఈ కొలను ఖాళీ చేస్తే నీళ్ళెక్కడికి పోతాయి?"

"తమ్మిలేరులోకండి."

"తమ్మిలేరు?"

"కొల్లేరులోకేనండి," అన్నాను.

ఆ మర్నాడు ఆవిడ పిలిచి ఆగినప్పుడు ఆ నిశ్శబ్దం భరించలేక, "చంటిగారు సెలవు చీటీ పంపారండీ" అన్నాను మైకులో. పిల్లలు గొల్లుమన్నారు. ఆవిడ కోప్పడలేదు. పిల్లలు వెళ్ళాక దగ్గరికొచ్చి, "నువ్వు బాగా నవ్విస్తావు శేషూ. కానీ నవ్వించాక ఆగవు. ఆగితే ఏం వినబడుతుందోనని నీకు భయం," అన్నారు.

"ఏం వినబడుతుందండీ?"

"ఆగి చూడు."

ఆగాను. ఆవిడ పిలిచాక మైకు ఆపేసి గోడకి ఆనుకుని నిలబడటం అలవాటు చేసుకున్నాను. పుట్టాక నేను అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలని మా ఆవిడకి చెబితే నమ్మలేదు. మొదట్లో కాకులూ, రోడ్డుమీద ఆటోలూ వినబడేవి. పోనుపోను అవి వెనక్కి జరిగేవి. గాలి లేకపోయినా కొలను అంచున నీళ్ళు టైల్సుకి తగిలే చప్పుడు, దోనె పక్కన తెడ్డు వేసినట్టు, ఆగి ఆగి వచ్చేది. సూరిబాబుని అడిగితే "పైపులో గాలండీ" అన్నాడు. అన్నాడే గానీ, మోటారు ఆపాక దాని గది దగ్గర ఒక్క క్షణం ఉండేవాడు కాదు.

శిబిరం ముగింపుకి వస్తుండగా జరిగింది. ఆ సాయంత్రం మబ్బు పట్టి గాలి స్తంభించింది. తల్లులు కొందరు లోపలికే వచ్చి మెట్ల వెనక నిలబడ్డారు. కృష్ణవేణిగారు పిల్లలందరినీ పిలవడం అయింది. నేను మైకు కట్టేసి వేరుశెనగకాయలు ఒలుచుకుంటున్నాను. ఆవిడ నీళ్ళవైపు తిరిగారు.

"చంటీ."

"వచ్చేశానక్కా."

నీళ్ళవైపు నుంచే వచ్చింది. గట్టిగా కాదు. చాలాదూరం తెడ్డు వేసుకొచ్చి రొప్పుతున్న కుర్రవాడి గొంతు. కొలను అద్దంలా ఉంది, అందులో ఎవరూ లేరు. పిల్లలెవరూ ఆవిణ్ణి అక్కా అనరు. అందరికీ ఆవిడ మేడమే.

తరవాత, ఎవరో చెప్పినట్టు, అన్ని తలలూ ఒక్కసారి నావైపు తిరిగాయి. ఊళ్ళో ఎవరి గొంతయినా దించేవాణ్ణి నేనొక్కణ్ణే కదా. నా నోట్లో వేరుశెనగపప్పు ఉంది. నమలనూ లేదు, మింగనూ లేదు.

"సిగ్గులేదటయ్యా? చచ్చిపోయిన పిల్లాడితోనా వేళాకోళం?" అంది ఒక తల్లి. ఇంకొకావిడ మాట్లాడకుండా కూతుర్ని చంకనేసుకుని గేటుకేసి నడిచింది. ఆ పిల్ల ఏడుపు అందుకుంది. దాన్ని చూసి మిగతావాళ్ళూ అందుకున్నారు. శిబిరం చూసుకునే సూపర్‌వైజరుగారు పరిగెత్తుకుంటూ వచ్చి నా భుజం పట్టుకుని పక్కకి లాగారు.

"నువ్వేనని చెప్పెయ్యవయ్యా బాబూ."

"నేను కాదండీ."

"నువ్వు కాకపోతే ఎవరూ? నువ్వు కాదంటే రేపణ్ణించి ఈ కొలనులో ఒక్క పిల్లా దిగదు. ఇవాళ్టితో తాళం. నువ్వే అంటే, నాలుగు తిట్లు తిని ఊరుకుంటావు. తిట్లు నీకు కొత్తా?"

తిట్లు నాకు కొత్త కాదు. కానీ మెట్ల దగ్గర కృష్ణవేణిగారు అలాగే నీళ్ళకేసి చూస్తూ నిలబడి ఉన్నారు. నేనేనంటే ఆవిడకి ఆ మాట పోతుంది. కాదంటే పిల్లలకి ఈత పోతుంది. ఇటువంటి లెక్కలు చేయలేకే నేను బడి మానేసింది. వైరు తగిలించి మైకు తీసుకున్నాను. "క్షమించండమ్మా, అది నేనేనండి. బుద్ధి గడ్డి తిందండి," అన్నాను. తల్లులు తిట్టారు. తిట్టేకొద్దీ వాళ్ళ మొహాల్లో రక్తం తిరిగొచ్చింది. చివరికి ఒకావిడ నవ్వేసింది కూడా. కృష్ణవేణిగారు మాత్రం ఈల మెడలోంచి తీసి, పిడికిట్లో పెట్టుకుని, మోటారు గదివైపు వెళ్ళిపోయారు. నడకలో ఒక్కసారిగా వయసు కనిపించింది.

అందరూ వెళ్ళాక నేనూ అక్కడికి వెళ్ళాను. ఆవిడ తిరగేసిన బక్కెట్టు మీద కూర్చుని ఉన్నారు.

"అది నేను కాదండీ," అన్నాను.

"ఇందాక నువ్వేనన్నావు."

"ఇందాక అందరికీ చెప్పానండి. ఇప్పుడు మీకు చెబుతున్నాను."

ఆవిడ నా మొహాన్ని చాలాసేపు చూశారు. నేను ఎప్పుడు నిజం చెబుతానో నాకే సరిగ్గా తెలియదు, ఆవిడకేం తెలుస్తుంది? "ఏ గొంతయినా దించుతావుగా," అన్నారు చివరికి. "అది దించు. ఇప్పుడే."

ఇంతకంటే సులువైన పరీక్ష నాకు ఎవరూ పెట్టలేదు. ఆ గొంతు ఇంకా చెవిలోనే ఉంది, రొప్పుతో సహా. నోరు తెరిచాను. కార్తీక్ గొంతు వచ్చింది. మళ్ళీ పట్టాను. నా చిన్నప్పటి స్నేహితుడి గొంతు వచ్చింది. మూడోసారి కళ్ళు మూసుకుని, గొంతు నరాలు లాగేదాకా పట్టాను. వచ్చింది నా సొంత గొంతు. ఎనిమిదో తరగతిలో మాస్టారు లేపి నిలబెట్టినప్పుడు వచ్చేదే, వణుకుతూ.

ఆవిడ రెండు చేతుల్తో నోరు మూసుకున్నారు. "రాదు," అన్నారు వేళ్ళ సందుల్లోంచి. "నీకు రాదు శేషూ. నీకు రావట్లేదు." ఏడుస్తున్నారో నవ్వుతున్నారో ఆ గదిలో తెలియలేదు. కాసేపటికి లేచి, చొక్కా దులుపుకుని, చెప్పులు వెతుక్కున్నారు. "ఇంటికెళ్ళి వండాలయ్యా. ఎప్పుడు తిన్నాడో ఏవిటో," అంటూ వెళ్ళిపోయారు.

మర్నాడు పిల్లలు వచ్చారు. ఆవిడా వచ్చారు. సాయంత్రం పేర్లన్నీ పిలిచి, ఆఖరి పిల్ల "వచ్చేశాను" అనగానే ఈల కొట్టేశారు. నీళ్ళవైపు తిరగలేదు. ఇక ఎప్పుడూ తిరగలేదు.

చాలా ఏళ్ళ తరవాత ఆవిడ దెందులూరులో చెల్లెలి కూతురు భవాని ఇంట్లో పోయారు. మంచంలో, నిద్రలో. నేను పలకరించడానికి వెళ్ళాను. భవాని టీ ఇచ్చి, వెళ్ళబోతుంటే వాకిట్లో ఆపింది.

"ఏవండీ, ఒక మాట అడుగుతాను, ఏవనుకోకండి. అప్పుడు పార్కులో పలికింది మీరేనంటారు అందరూ. నిజమేనా?"

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"పెద్దమ్మ ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రాత్రిపూట రెండు కంచాలు పెట్టించుకునేదండీ. తన గదిలో, తలుపు వేసుకుని."

"అందరిముందూ నేనేనన్నానమ్మా," అన్నాను. "కానీ నేను కాదు."

భవాని తల ఊపింది. భయపడుతుందనుకున్నాను. "అనుకున్నానండీ," అంది నెమ్మదిగా. "ఆ కంచాలు పొద్దున్నే కడిగేది నేనే కదా. రెండూ తిన్నవే ఉండేవి."

ఇప్పటికీ ఏలూరు బజార్లో నన్ను ఆపి, "శేషూ, ఆ చంటి గొంతు ఒక్కసారి వెయ్యవయ్యా" అని అడుగుతారు. నేను వేసిన జోకులన్నిటిలో జనానికి గుర్తున్నది అదొక్కటే. నాది కానిదీ అదొక్కటే. కాదని చెప్పను. నేను కాదంటే, మరి పలికింది ఎవరని అడుగుతారు. వాళ్ళు నవ్వడానికి సిద్ధంగా నిలబడతారు. నేను మైకు ఆపుతాను. ఏదో ఒకటి అనేసి తప్పించుకోవడం నాకు క్షణం పని. అయినా అనను. ఆవిడ నేర్పినట్టు నోరు మూసుకుని, బజారు చప్పుళ్ళన్నీ వెనక్కి జరిగేదాకా ఆగుతాను.